జెడ్‌జెడ్ మొక్క ఎదగడం లేదా? ఎరువు పక్కన పెట్టి ముందు దుంప చూడండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. జెడ్‌జెడ్ మొక్క ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. రాగానే దాన్ని పెద్ద పింగాణీ కుండీలోకి మార్చారు. కుండీకి అడుగున రంధ్రం లేదు కాబట్టి గులకరాళ్లు పరిచి, పైన మట్టి నింపారు. హాల్లో సోఫా వెనక మూలన పెట్టి వారానికి రెండుసార్లు గ్లాసెడు నీళ్లు పోస్తున్నారు. ఇన్నాళ్లలో ఒక్క కొత్త కాడ రాలేదు. బలం చాలడం లేదేమోనని మూడుసార్లు ఎరువు వేశారు. ఇప్పుడు రెండు కాడలు మొదట్లో పసుపు రంగుకు తిరిగాయి, కింది ఆకులు రాలుతున్నాయి. మొక్క చచ్చిపోతోందా, మట్టి మార్చాలా, ఏదైనా మందు కొట్టాలా అన్నది మీ ప్రశ్న.

మందు వద్దండీ. ఎరువు అసలే వద్దు. మట్టి మాత్రం మార్చాలి, అదీ ఈ రెండు మూడు రోజుల్లోనే. మీరు రెండు విషయాలను కలిపి చూస్తున్నారు. కొత్త కాడ రాకపోవడం జబ్బు కాదు. కాడ మొదట్లో పసుపెక్కి మెత్తబడటం మాత్రం జబ్బే. మొదటిదానికి కంగారుపడి చేసిన పనుల వల్లే రెండోది వచ్చింది. ఇంట్లో పెంచే జెడ్‌జెడ్ మొక్కలు చనిపోయేది చాలావరకు ఇలాగే. వాటికి నిర్లక్ష్యం కంటే అతి శ్రద్ధతోనే ఎక్కువ ప్రమాదం.

ముందు దుంప సంగతి చూద్దాం. కుండీని పక్కకు వాల్చి, కాడలు పట్టుకుని లాగకుండా, మట్టితో సహా మొక్కను బయటికి తీయండి. మట్టిని చేత్తో మెల్లగా రాల్చండి. లోపల బంగాళాదుంపల్లాంటి లావాటి దుంపలు కనిపిస్తాయి. ఈ మొక్క ప్రాణమంతా అక్కడే ఉంటుంది. ఒక్కో దుంపనూ వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే, పైన కాడలన్నీ పోయినా సరే. మెత్తగా జావలా ఉంటే, నొక్కితే నీరు కారితే, కుళ్లు వాసన వస్తే ఆ భాగం పోయినట్టు. వేర్లు కూడా చూడండి. బాగున్న వేరు లావుగా, తెల్లగా ఉంటుంది. పాడైన వేరు గోధుమరంగుకు తిరిగి, లాగితే పైతోలు ఊడి చేతికొస్తుంది.

కుళ్లిన భాగాన్ని స్పిరిట్‌తో తుడిచిన కత్తితో కోసేయండి. లోపల శుభ్రమైన లేత రంగు కనిపించేదాకా కోయాలి. మచ్చ కొద్దిగానే ఉంది కదా అని వదిలేస్తే అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఈ మొక్క రసంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, కొందరికి చర్మం మండుతుంది, కంట్లో పడితే ఇంకా ఇబ్బంది. మెత్తబడిన ఆ రెండు కాడల్ని మొదలంటా తీసేయండి, అవి ఇక కోలుకోవు. పచ్చగా గట్టిగా ఉన్న కాడల జోలికి వెళ్లొద్దు. కోసిన దుంపల్ని నీడలో, గాలి తగిలే చోట ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. మట్టి లేకుండా అంతసేపు ఉంచితే ఎండిపోదా అని భయపడకండి. నీటిని దాచుకోవడం దాని పుట్టుకలోనే ఉంది.

ఎందుకంటే ఇది తూర్పు ఆఫ్రికా మొక్క. కెన్యా, టాంజానియాల నుంచి కిందికి దక్షిణాఫ్రికా ఈశాన్య భాగం దాకా దీని స్వస్థలం. అక్కడ కొన్ని నెలలు వానలు పడతాయి, ఆ తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు. వాన ఉన్నప్పుడు దుంపల్లో, లావాటి కాడల్లో నీళ్లు నింపుకుంటుంది. కరువు మరీ ముదిరితే ఆకులన్నీ రాల్చేసి, మట్టిలో దుంపగా ఉండిపోయి, మళ్లీ వాన పడ్డాక చిగురిస్తుంది. ఇంకో విశేషం కూడా ఉంది. మామూలు మొక్కలు గాలి పీల్చుకునే ఆకు రంధ్రాల్ని పగటిపూట తెరుస్తాయి, దాంతో నీళ్లు ఆవిరైపోతాయి. జెడ్‌జెడ్ మొక్క నీళ్ల కొరత వచ్చినప్పుడు రాత్రిపూట కూడా కొంత కార్బన్ డయాక్సైడ్ తీసుకుని దాచుకోగలదు. కాక్టస్‌లు చేసే పనే ఇది, కాకపోతే ఇక్కడ కొద్ది మోతాదులో జరుగుతుంది. చేమ, మనీప్లాంట్, ఆంథూరియం ఉన్న కుటుంబమే దీనిదీ. ఆ కుటుంబంలో నేలమీద పెరిగే మొక్కల్లో ఈ గుణం ఉండటం అరుదు. ఇలాంటి మొక్కకు వారానికి రెండుసార్లు నీళ్లు అంటే ఏడాదంతా వానాకాలమే, అదీ నీరు బయటికి పోయే దారి లేని చోట.

నెమ్మదిగా ఎదగడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మనం కాడ అనుకునేది నిజానికి ఒకే ఒక్క ఆకు. దుంప నుంచి నిటారుగా లేచే ఆ కొమ్మలాంటిది మొత్తం కలిపి ఒక ఆకు, దానికి రెండు వైపులా ఉన్నవి ఆ ఆకు రెబ్బలు. అంటే మామూలు మొక్కలా చివర్న ఒక్కో ఆకు తొడుగుతూ పొడవు పెరగదు. విచ్చుకున్న కాడ ఇక అంతే, రెండేళ్ల తర్వాత చూసినా అదే పొడవు. కొత్త ఎదుగుదల అంటే నేలలోంచి ఇంకో పూర్తి కాడ రావడమే. అది రావాలంటే ముందు కింద దుంప లావెక్కాలి, వేర్లు పాకాలి. పైన ఏమీ కనిపించని నెలల్లో జరిగేది ఆ పనే. వచ్చినప్పుడు మాత్రం తరచూ రెండు మూడు మొలకలు ఒకేసారి లేస్తాయి, కొన్ని వారాల్లో లేత ఆకుపచ్చగా విచ్చుకుంటాయి, ఆ తర్వాత మళ్లీ చాలాకాలం నిశ్శబ్దం. మంచి వెలుతురులో ఉన్న మొక్క కూడా ఏడాదికి నాలుగైదు కాడలు వేస్తే బాగా ఎదుగుతున్నట్టే. చీకటి మూలలో ఎనిమిది నెలలకు ఒక్కటీ రాలేదంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

ఆ మూల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. "తక్కువ వెలుతురులోనూ బతుకుతుంది" అని అందరూ చెప్తారు. అది నిజమే, బతుకుతుంది. కానీ బతకడం వేరు, ఎదగడం వేరు. 1996 ప్రాంతంలో డచ్ నర్సరీలు దీన్ని పెద్ద ఎత్తున పెంచడం మొదలుపెట్టాకే ఇది ఇంటి మొక్కగా ఇంతగా వ్యాపించింది. నర్సరీ వాళ్లు దీన్ని ఎప్పుడూ చీకట్లో పెంచరు, వెలుతురు పుష్కలంగా ఉన్న షెడ్లలో పెంచుతారు. మీరు కొన్నప్పుడు నిగనిగలాడిన ఆ కాడలన్నీ అక్కడి వెలుతురుతో తయారైనవే. మీ మూలకు వచ్చాక అది అప్పుడు దాచుకున్నది ఖర్చు పెట్టుకుంటూ కూర్చుంది.

మన కళ్లు ఈ విషయంలో మనల్ని మోసం చేస్తాయి. ఆరుబయట నడినెత్తి ఎండలో వెలుతురు సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. లైట్లు వేసిన హాల్లో చాలాసార్లు 500 లక్స్ కూడా ఉండదు. కానీ కంటిపాప సర్దుకుంటుంది కాబట్టి మనకు రెండూ వెలుతురుగానే అనిపిస్తాయి. కిటికీ నుంచి రెండడుగులు లోపలికి జరిగినా వెలుతురు గబగబా పడిపోతుంది. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ ఉంటే చూడండి, అంకె పక్కాగా ఉండకపోయినా కిటికీ దగ్గరకీ మూలకీ ఉన్న తేడా బాగానే తెలుస్తుంది. యాప్ లేకపోతే పగటిపూట లైట్లు ఆర్పేసి, మొక్క ఉన్న చోట తెల్ల కాగితం పెట్టి, దానికి జానెడు ఎత్తులో అరచెయ్యి అడ్డం పెట్టండి. నీడ అంచులు కాస్త మసకగా ఉన్నా అది చెయ్యేనని తెలుస్తోందంటే ఆ చోటు బాగుంది. నీడే సరిగా పడకపోతే మొక్క బతుకుతుందంతే. అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయంటే నేరుగా ఎండ పడుతోందని.

కాబట్టి కిటికీకి మీటరు, మీటరున్నర లోపు పెట్టండి. ఉదయపు లేత ఎండ గంటా రెండు గంటలు తగిలినా ఫర్వాలేదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకులు పాలిపోయి గోధుమరంగు మచ్చలు పడతాయి, ఆ మచ్చలు మళ్లీ పోవు. ఒక్కరోజులో మూల నుంచి కిటికీ గట్టుకు మార్చకండి, రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా జరపండి. కిటికీయే లేని గది అయితే మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బును మొక్కకు అడుగు, అడుగున్నర ఎత్తులో రోజుకు పది పన్నెండు గంటలు వెలిగించినా పని జరుగుతుంది. గులాబీ రంగు గ్రో లైట్లే కావాలని ఏమీ లేదు.

ఇక కుండీ. గులకరాళ్లు నీటిని దించేస్తాయన్నది చాలామంది నమ్మే మాట. అది జరగదు. మెత్తటి మట్టి కింద పెద్ద రాళ్లుంటే, ఆ మట్టి పూర్తిగా నీటితో నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు. మట్టి రేణువుల మధ్య సన్నటి ఖాళీలు నీటిని పట్టి ఉంచుతాయి, రాళ్ల మధ్య పెద్ద ఖాళీలకు ఆ పట్టు ఉండదు. ఫలితంగా కుండీ అడుగున ఉండాల్సిన తడి పొర రాళ్ల పైకి, అంటే వేర్ల దగ్గరికే వస్తుంది. మీ కుండీకి రంధ్రమే లేదు కాబట్టి దిగిన నీరు కూడా రాళ్లలోనే నిలిచిపోయింది. తడిసిన మట్టిలో గాలి ఉండదు. వేరు కూడా ఊపిరి తీసుకోవాలి, ఆక్సిజన్ అందకపోతే అది ఉక్కిరిబిక్కిరై చనిపోతుంది. చనిపోయిన వేరు మీద పిథియం లాంటి కుళ్లు తెగుళ్లు చేరి దుంపలోకి పాకుతాయి. అందుకే తెగులు మందు పోసినా ప్రయోజనం ఉండదు, తడి అలాగే ఉన్నంతకాలం అది మళ్లీ వస్తుంది.

ఆ పింగాణీ కుండీ మీకు ఇష్టమైతే పారేయనక్కర్లేదు. రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ కుండీలో మొక్క నాటి, దాన్ని ఇందులో కూర్చోబెట్టండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి పోసి, పూర్తిగా కారిపోయాక తిరిగి పెట్టండి. కుండీ సైజు దుంపల గుత్తికి చుట్టూ రెండు మూడు వేళ్ల ఖాళీ ఉంటే చాలు. పెద్ద కుండీలో మొక్క త్వరగా పెరుగుతుందని అనుకుంటారు గానీ, వేర్లు లేని మట్టిలో నీటిని తాగేవాళ్లే ఉండరు, అది వారాల తరబడి ఆరదు. ఈ మొక్క ఇరుకును బాగా ఓర్చుకుంటుంది. దుంపలు లావెక్కి ప్లాస్టిక్ కుండీ ఉబ్బిపోయినప్పుడు మార్చుకోవచ్చు, అందుకు సాధారణంగా రెండు మూడేళ్లు పడుతుంది. నీళ్లు ఎక్కువ పోసే అలవాటు మానలేమనుకుంటే మట్టి కుండీ మంచిది, పక్కల నుంచి కూడా ఆరుతుంది.

మట్టికి నేను వాడేది రెండు పాళ్లు మామూలు కుండీ మట్టి మిశ్రమం, ఒక పాలు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి గుళికలు), ఒక పాలు గరుకు ఇసుక. సన్నటి ఇసుక వద్దు, అది ఖాళీల్ని పూడ్చేస్తుంది. ఉత్త కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) మాత్రం పెట్టకండి. చాలా నర్సరీ మొక్కలు అందులోనే వస్తాయి, నర్సరీ వెలుతురుకి, గాలికి అది సరిపోతుంది, ఇంట్లో మాత్రం లోపల తడి దాచుకుని పైన ఎండినట్టు కనిపిస్తుంది. మీరు పైపొర చూసి నీళ్లు పోస్తూ వచ్చింది బహుశా అందుకే.

నాటిన వెంటనే నీళ్లు పోయొద్దు. కోసిన గాయాలు మానాలి, వారం ఆగండి. ఆ తర్వాత నుంచి క్యాలెండర్ చూసి పోయడం మానేయండి. పొడవాటి వెదురు పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. చివర చల్లగా ఉన్నా, మట్టి అంటుకున్నా ఇంకా ఆగాలి. పొడిగా వస్తే పోయండి. పోసినప్పుడు మాత్రం గ్లాసెడు కాదు, అడుగు నుంచి కారేదాకా పోయండి. కొద్దికొద్దిగా పోస్తే పై పొర మాత్రమే తడుస్తుంది, ఎరువు ఉప్పులు కడుక్కుపోకుండా పేరుకుంటాయి. సాసర్‌లో చేరిన నీరు పారబోయండి. కొంతకాలానికి పుల్ల కూడా అక్కర్లేదు, కుండీ ఎత్తి చూస్తే బరువే చెప్తుంది. మంచి వెలుతురులో రెండు మూడు వారాలకోసారి, మసక వెలుతురులో నెలకో, నెలన్నరకో ఒకసారి పోయాల్సి రావచ్చు. చలికాలంలో ఇంకా తగ్గుతుంది. ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి వెళ్తే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, తడి మట్టి, చలి కలిస్తే కుళ్లు తొందరగా పడుతుంది.

ఎప్పుడు దాహమో, ఎప్పుడు అతి తడో గుర్తుపట్టడంలో చాలామంది తడబడతారు. కాడ మొదట్లో సన్నటి ముడతలు పడి, మట్టి పూర్తిగా పొడిగా ఉంటే దాహం. నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లో కాడ మళ్లీ బిగుసుకుంటుంది. పసుపెక్కి మెత్తబడి, మట్టి తడిగా ఉంటే అతి తడి. మూడో పరిస్థితి మనల్ని బోల్తా కొట్టిస్తుంది. కాడ ముడతలు పడుతుంది, మట్టి చూస్తే తడిగానే ఉంటుంది. అంటే వేర్లు పోయాయి, నీళ్ల మధ్యలో ఉండి కూడా తాగలేకపోతోంది. ముడతలు చూసి ఇంకాస్త పోశారంటే దుంప కూడా పోతుంది. అప్పుడు చేయాల్సింది పైన చెప్పిన పనే, బయటికి తీసి చూడటం. బాగా పాత కాడ ఒక్కటి ఎప్పుడైనా పసుపెక్కి ఎండిపోతే మాత్రం దాని కాలం తీరినట్టే, టెన్షన్ పడక్కర్లేదు.

ఎరువు విషయంలో నా అభిప్రాయం గట్టిదే. ఎరువు మందు కాదు. వేర్లు దెబ్బతిన్న మొక్కకు ఎరువు వేస్తే మట్టిలో ఉప్పు పెరిగి, ఉన్న వేర్లు నీటిని లాక్కోవడం ఇంకా కష్టమవుతుంది. కొత్త మొలక కళ్లకు కనిపించాకే మొదలుపెట్టండి. మామూలు ద్రవ ఎరువును డబ్బా మీద రాసిన మోతాదులో సగం కలిపి, ఎదిగే కాలంలో రెండు నెలలకోసారి పోస్తే సరిపోతుంది. ఆకులు మెరవడానికి అమ్మే స్ప్రేలు కూడా వాడకండి. ఆకుల సహజమైన మెరుపు మీద దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవండి, వెలుతురు కూడా బాగా అందుతుంది. తుడిచేటప్పుడు రెబ్బల కింద, కాడ మొదట్లో దూదిలాంటి తెల్లటి పిండినల్లి ఉందేమో చూసుకోండి. ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తీసేయడమే, ఈ మొక్కకు పురుగుల బాధ తక్కువ.

గదిలో గాలి శుభ్రమవుతుందని తెచ్చామని కూడా రాశారు. నిరాశపరచడం ఇష్టం లేదు గానీ ఆ ఆశ పెట్టుకోకండి. ఆ ప్రచారానికి మూలం 1989లో నాసా చేసిన ప్రయోగాలు, అవి గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి. 2019లో ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టినప్పుడు, మామూలు గదిలో గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, కొన్ని లెక్కల్లో వెయ్యి దాకా కావాలని తేలింది. అలాగే దీన్ని ముట్టుకుంటే క్యాన్సర్ వస్తుందన్న పుకారులో నిజం లేదు. తింటే నోరు, గొంతు మండుతాయి, కాబట్టి చిన్న పిల్లలకు, పిల్లికి, కుక్కకు అందని ఎత్తులో పెట్టండి. అంతవరకే జాగ్రత్త.

దుంపల్లో సగం పోయినా మిగిలిన సగం గట్టిగా ఉంటే మీ మొక్క కోలుకుంటుంది. వచ్చే మూడు నాలుగు నెలలు పైన ఏ మార్పూ కనిపించకపోవచ్చు. ఆ సమయంలో మళ్లీ తవ్వి చూడకండి, అప్పుడే పుట్టిన లేత వేర్లు తెగిపోతాయి. ఉన్న కాడలు బిగువుగా, పచ్చగా నిలబడి ఉంటే లోపల పని జరుగుతున్నట్టే లెక్క.

తీసేసిన కాడల మీద ఇంకా పచ్చగా ఉన్న రెబ్బలుంటే పారేయకండి. మొదలు దగ్గర ఒక రోజు ఆరనిచ్చి, అదే మట్టి మిశ్రమంలో పావు వంతు లోతున నిలబెట్టండి. మట్టి ఆరినప్పుడు కాస్త తడపండి, వెలుతురులో ఉంచండి. కొన్ని నెలలకు ఒక్కో రెబ్బ కింద చిన్న దుంప పుడుతుంది. దాని నుంచి మొలక రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. మధ్యలో రెబ్బ పసుపెక్కి ఎండిపోయినా మట్టిని పారబోయకండి. చాలాసార్లు రెబ్బలోని నీరంతా దుంపలోకి దిగాక అలా జరుగుతుంది. వేలితో మెల్లగా తడిమి చూడండి, గట్టిగా చిన్న ఉండలాంటిది తగిలితే కప్పేసి వదిలేయండి.